ఇంటిపట్టున: గాజుతొట్టిలో చేపలేల చచ్చుచున్నవి?

గాజుతొట్టిలో రంగుచేపలను పెంచు వేడుక యిప్పుడు చిన్న యూళ్లకును ప్రాకినది. ఈ నెల మాకందిన జాబులలో ఒక సోదరి తమ యింటి సంగతి నిట్లు వ్రాసియున్నారు. వారికి 40 లీటర్ల తొట్టి కలదు. కుమారుని పుట్టినరోజునకు 8 బంగారుచేపలను కొనితెచ్చిరి. నెల తిరుగక మునుపే 5 చచ్చినవి. నీరు అద్దమువలె నున్నది. చేపల యొడలిపై మచ్చ గాని పుండు గాని లేదు. ప్రతి ఆదివారమును వారు తొట్టిని ఖాళీచేసి, గులకరాళ్లను తోమి, ఫిల్టరులోని స్పంజిని కుళాయిక్రింద తెల్లబడువరకు పిండి, క్రొత్తనీరు నింపుచునే యున్నారట. ఇంటిలోని పెద్దలు "మనకు రావలసిన కీడు చేపమీద పోయినది, మరియొకటి తెండు" అనుచున్నారట. ఆ పిల్లవాడు మాత్రము తాను మేత వేయుటవలననే చచ్చినవని బెంగపెట్టుకొని సరిగా అన్నము తినుట లేదట.

కీడు చేపమీద పోయినదను మాటవలన దుఃఖము కొంత చల్లారునేమో కాని, కారణమును వెదకు పని అక్కడితో నాగిపోవును. సాయంకాలమునకు మరియొక చేప వచ్చును. అదియు అదే నీటిలో పడి అదే గతి పొందును. కావున ఆ మాటను మేము మెచ్చజాలము. పిల్లవానిదా తప్పు కాదు. ఈ సంగతి వానితో నేడే చెప్పవలసినదని ఆ తల్లిని కోరుచున్నాము.

చేప తిను నీటిలోనే విసర్జించును. దాని మొప్పలనుండియు, మలమునుండియు, మిగిలిన మేత క్రుళ్లుటవలనను అమ్మోనియా యను విషము నీటిలో చేరును. ఇది కంటికి కనబడదు. నీరు తేటగా నున్నంతమాత్రమున మంచిదని తలంపరాదు. ఏళ్లలోను చెరువులలోను ఈ విషమును మ్రింగి బ్రతుకు సూక్ష్మజీవులు కలవు. వానిలో కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మార్చును; అదియు విషమే. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది మితముగా నున్నచో చేపకు హాని చేయదు, మొక్కలకు ఎరువగును. 1890 ప్రాంతమున రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఇట్టి జీవులను వేరుచేసి చూపెను. క్రొత్త తొట్టిలో ఇవి చాలినన్ని యుండవు. వృద్ధిచెంది నిలద్రొక్కుకొనుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. వాని ముఖ్యనివాసము ఫిల్టరు స్పంజియు, గులకరాళ్లును.

మనమందరము రాత్రి పాలలో తోడు వేయువారమే. తోడునకుంచిన మజ్జిగను పారబోసి, గిన్నెను మెరయునట్లు తోమి, తెల్లవారి పెరుగు పేరుకొనలేదేమని వగచువారుందురా? స్పంజిలోని ఆ గోధుమరంగు జిగటయే తొట్టికి తోడు. కుళాయినీటిలో క్లోరిన్ను కలుపునదే సూక్ష్మజీవులను చంపుటకు. దానిక్రింద స్పంజిని పిండినచో తోడంతయు పోవును. మన సోదరి ప్రతి ఆదివారమును శ్రమపడి చేసినది యిదియే. తొట్టి నెలదినములది యైనను, లోపలి నీటి స్థితి మొదటి వారమునాటిదే. పైగా బోరునీటిలో తరచుగా క్షారగుణము హెచ్చు. పి.హెచ్. 7 నుండి 8 కి పెరిగినచో అమ్మోనియాలో మిక్కిలి విషమగు భాగము ఇంచుమించు 10 రెట్లగును. కావుననే ఒకే విధముగా పెంచినను ఒక యింట చేపలు బ్రతుకును, ప్రక్కయింట చచ్చును.

అయితే చావులన్నిటికిని ఇదే కారణమని మేము చెప్పుట లేదు. చేప యెట్లు చచ్చినదో, ఎప్పుడు చచ్చినదో చూడవలయును. రెండుమూడు దినములకొకటి చొప్పున, మేత మాని మూల నొదిగి చచ్చినచో పైన చెప్పిన విషమును ముందుగా అనుమానింపవలయును. నీరు మార్చిన గంటలలోనే చచ్చినచో క్లోరిన్ను గాని, క్రొత్తనీటి వేడిమిలోని భేదమును గాని తలంపవలయును. తెల్లవారుజామున చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో నీటిలో ప్రాణవాయువు చాలలేదనుమాట. వేసవిలో నిది మెండు, ఏలయన 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టుకొనును. నీటిమొక్కలు సైతము రాత్రివేళ ప్రాణవాయువును పీల్చును. భీమవరము ప్రాంతపు రొయ్యల చెరువులలో రాత్రులు నీటిని చిలుకు చక్రములను త్రిప్పుట ఈ భయముచేతనే. గౌరామి, ఫైటరు జాతుల చేపలు పైగాలిని పీల్చగలవు. అవి కులాసాగా నుండి తక్కినవి చచ్చినచో గాలి కొరతయే యని దాదాపు నిశ్చయింపవచ్చును. కరెంటు పోయిన రాత్రి చెంబుతో తొట్టినీటినే తీసి ఎత్తునుండి మరల పోయుచున్నచో కొంత మేలు.

ఒక్క రాత్రిలో అన్నియు చచ్చిన యిండ్లలో మేము మొదట అడుగు ప్రశ్న దోమలమందును గూర్చినది. కరెంటుతో కాగు మందులోను, దోమల బత్తిలోను, స్ప్రేలోను తరచుగా నుండు పైరెథ్రాయిడ్ జాతి మందులు మనకంటె చేపలకు ఎన్నో రెట్లు విషము, అత్యల్పమైనను చాలును. గాలిపంపు గదిలోని గాలినే పీల్చి నీటిలో బుడగలుగా వదలును గదా! పడకగదిలో తొట్టి నుంచి, తలుపులు మూసి, మందు వెలిగించి నిద్రించినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. తొట్టికి వేరొక చోటు చూడుడు. సబ్బుచేతిని నీటిలో ముంచరాదు. తొట్టినీటిని రాగిబిందెలో నిలువచేయరాదు. మనకు మేలని త్రాగు రాగినీరు చేపలకు గిట్టదు.

జబ్బేదో తెలియకుండ అంగడివాడిచ్చిన నీలిమందును పోయుట మరియొక పొరపాటు. మిథిలీన్ బ్లూ కొన్ని జబ్బులకు మందే కాని, అది ఫిల్టరులోని మేలుచేయు జీవులను గూడ దెబ్బతీయును.

మన సోదరి యిప్పుడు చేయవలసినది కొంచెమే. రెండు దినములు మేత మానవలయును. ఆరోగ్యముగల చేపకు దానివలన హాని లేదు. ప్రతిదినమును తొట్టిలో నాలుగవవంతు నీటిని మాత్రము తీసి, అంతే నీటిని చేర్చవలయును. చేర్చు నీటిని వెడల్పైన బకెట్టులో ఒకదినము తెరచి యుంచిన యెడల క్లోరిన్ను పోవును. క్లోరమీను కలిపిన నీరైనచో నిలువయుంచుట చాలదు. అంగళ్లలో యాంటీ క్లోరిన్ అను పేర దొరకు మందు వాడవలయును. తీసిన నీటిని మల్లెపాదులకు పోయవచ్చును. స్పంజి మూసికొనిపోయినప్పుడు మాత్రము, ఆ తీసిన నీటిలోనే రెండుమారులు జాడించి మరల పెట్టవలయును. ఇరుగుపొరుగున ఆరోగ్యముగల పాతతొట్టి యున్నచో వారి స్పంజిలోని చిన్న ముక్కను తెచ్చి ఫిల్టరులో వేయుట పాలలో తోడు వేయుట వంటిదే.

మిగిలిన 3 చేపలకే ఆ తొట్టి యిరుకు. బంగారుచేప 15 సెంటీమీటర్లకు మించి పెరుగును, పదేండ్లు దాటి బ్రతుకును. అంగడివారు దానిని వ్రేలెడంత యుండగా అమ్ముటచేత ఈ సంగతి మనకు తోచదు. కావున పెద్దతొట్టి కుదురువరకు క్రొత్తవానిని తేవలదు.

అమ్మోనియాను, నైట్రైటును పరీక్షించు మందుచుక్కలు చేపల అంగళ్లలో దొరకును. రెండుదినముల కొకమారు పరీక్షించి, వచ్చిన రంగును తేదీతో కాగితముమీద వ్రాయు పనిని, రెండు నిమిషములలో చేపలు తినివేయునంత మేతను మాత్రమే కొలిచి వేయు పనిని ఆ పిల్లవానికే అప్పగింపుడు. రెండును సున్నకు దిగి, వరుసగా రెండు వారములు సున్నగానే నిలిచినప్పుడు తొట్టి కుదురుకొన్నదని తెలిసికొనవచ్చును. ఆ లోపల మరియొక చేప చచ్చినచో, అది యేవేళ యెట్లు చచ్చినదో వ్రాసి, ఆ కాగితముతోకూడ మాకు పంపుడు, చూచి ప్రత్యుత్తరమిచ్చెదము.