ప్రకృతి పరిశీలన: రాతిమడుగులో రంగులు

విశాఖపట్టణం నుండి భీమునిపట్నం పోయే సముద్రతీరపు దారిలో, ఋషికొండ దాటిన తరువాత, మంగమారిపేట అనే జాలరుల పల్లె వస్తుంది. అక్కడ అలలు తొలిచిన రాతి తోరణం ఒకటి ఉన్నది. సెలవుదినాలలో విహారానికి వచ్చేవారు ఆ తోరణం ముందు నిలిచి ఫొటోలు తీయించుకొని, నీళ్ళలో కాళ్ళు తడుపుకొని వెళ్ళిపోతారు. వారు నిలుచున్న చోటికి రెండడుగుల దూరంలో, ఆటువేళ రాళ్ళ నడుమ నిలిచిపోయిన చిన్న మడుగులో, చిటికెనవ్రేలి గోరంత ప్రాణి ఒకటి తన దారిన తాను ప్రాకుతూ ఉండవచ్చు. దాని ఒంటిమీది రంగులు పట్టుచీర అంచుకు తీసిపోవు. దానిని చూడకుండా పోవడంలో వారి తప్పేమీ లేదు. అది నిలబడిన మనిషి కంటికి కనిపించదు, కూర్చున్నవానికే కనిపిస్తుంది.

ఈ తీరపు రాళ్ళు ఖోండలైటు జాతికి చెందినవి. తూర్పు కనుమలలోని కోందుల పేరున భూగర్భ శాస్త్రజ్ఞులు వాటికా పేరు పెట్టారు. ఎండకు, వానకు, ఉప్పుగాలికి ఈ రాయి త్వరగా గుల్లబారుతుంది. గుల్లబారిన చోట గుంటలు, నెరియలు ఏర్పడతాయి. సముద్రం వెనుకకు పోయినప్పుడు ఆ గుంటలలో నీరు నిలుస్తుంది. ఆ నీటిలో ఒక లోకం చిక్కుపడుతుంది.

మడుగులో మొదట కనిపించేది సామాన్యంగా సన్యాసి పీత. ఖాళీ నత్తగుల్లలో కాపురముంటూ, ఒళ్ళు పెరిగినకొద్దీ ఇల్లు మార్చే ఈ పీతకు సన్యాసి అని పేరెలా వచ్చిందో గాని, మంచి గుల్ల కోసం అది చేసే జగడాలు చూస్తే గృహస్థు అనడమే న్యాయమనిపిస్తుంది. రాతిని అంటిపెట్టుకొని పువ్వులా విచ్చుకొని ఉండేది అనిమోను. నీడ పడితే ముడుచుకొని జిగురు ముద్దలా మారుతుంది. నెరియలలో పెళుసు నక్షత్రాలు సన్నని చేతులను మాత్రం బయటికి చాచి ఉంటాయి. ఓపిక గల కంటికి, అదృష్టం తోడైతే, పిడికెడంత ఆక్టోపస్ కూడా కనిపించవచ్చు. అది అంతవరకు రాయిగా ఉండి, కదిలిన తరువాత ఆక్టోపస్ అవుతుంది.

అయితే ఈ మడుగులలో వెదుకులాటకు అలవాటు పడినవారు అన్నిటికంటె ఎక్కువగా ఆశపడేది న్యూడిబ్రాంకు అనే జీవి కోసం. ఇది పెంకు లేని సముద్రపు నత్త. గ్రుడ్డు నుండి వెలువడినప్పుడు దీనికి చిన్న పెంకు ఉంటుంది. పెరిగే దశలో దానిని వదలివేస్తుంది. మొప్పలు బయటికే ఉండడం వలన నగ్నమైన మొప్పలు గలది అనే అర్థంలో ఆ పేరు పెట్టారు. ప్రపంచ సముద్రాలలో సుమారు 3,000 జాతులు ఇంతవరకు గుర్తింపబడ్డాయి. తలమీద రెండు కొమ్మువంటి అవయవాలు నీటిలోని వాసనను పసిగడతాయి. పెంకు పోగొట్టుకున్న ప్రాణి తన్ను తాను రక్షించుకోవాలి కదా! కొన్ని జాతులు తాము తినే స్పంజికల నుండి విషాన్ని ఒంట పట్టించుకుంటాయి. మరికొన్ని అనిమోనుల బంధువులను తిని, వాటి కుట్టుకణాలను పేలనీయకుండా మ్రింగి, తమ వీపుమీది వ్రేళ్ళవంటి కొనలలో దాచుకుంటాయి. దొంగసొత్తుతో కోట కట్టుకోవడమంటే ఇదే. ఒంటిమీది మెరిసే రంగులు చేపలకు హెచ్చరిక.

ఆ రంగులలోనే చిక్కు ఉన్నది. శంఖం చచ్చినా గుల్ల మిగులుతుంది. నూరేళ్ళ తరువాత చూచినా అది ఏ శంఖమో చెప్పవచ్చు. న్యూడిబ్రాంకును సారాయంలో వేస్తే ముడుచుకుపోతుంది. రంగు క్రమంగా కరిగిపోతుంది. చివరకు సీసాలో మిగిలేది పాలిపోయిన ఒక ముద్ద. అందుచేత ఈ జాతి విషయంలో బ్రతికి ఉండగా తీసిన చిత్రం ఒక అలంకారం కాదు, సాక్ష్యం. ఈ సంగతి కెమేరాలు ప్రచారంలోకి రాకముందే విశాఖ తీరాన ఒకరు గ్రహించారు.

ఆయన వాల్టర్ ఎలియట్. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన ఈ అధికారి 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరు. అమరావతి స్తూపంలో 1845లో త్రవ్వకాలు జరిపించినది ఆయనే. అక్కడి శిల్పాలు మద్రాసు మీదుగా లండను చేరి, బ్రిటిష్ మ్యూజియంలో చాలాకాలం ఆయన పేరనే చలామణి అయినవి. ఆ శిల్పాల కథ తెలుగువారందరూ విన్నదే. వాల్తేరు రాళ్ళలో ఆయన సేకరించిన మెత్తని జీవుల కథ తెలిసినవారు అరుదు. ఆయన వాటిని సారాయంలో భద్రపరచడంతో సరిపెట్టుకోలేదు. అవి బ్రతికి ఉండగానే స్థానిక చిత్రకారుని చేత రంగులతో బొమ్మలు గీయించాడు.

ఆ సీసాలు, ఆ బొమ్మలు ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరానికి చెందిన జాషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్ అనే పండితులకు చేరినవి. బ్రిటిష్ తీరాల న్యూడిబ్రాంకుల మీద ప్రామాణిక గ్రంథం వెలువరించినవారు వీరే. 1864లో వీరిద్దరూ ఎలియట్ సంగ్రహాన్ని లండను జువలాజికల్ సొసైటీ సంపుటంలో వర్ణించారు. వాల్తేరు జీవుల ప్రాణకళను వారికి తెలిపినవి సీసాలు కావు, బొమ్మలు. ఆ వ్యాసంలో వారు స్థాపించిన ఒక ప్రజాతికి కళింగ అని పేరు పెట్టారు. కళింగ ఆర్నేటా అనే పూర్తి పేరుతో అది నేటికీ శాస్త్రగ్రంథాలలో ఉన్నది. తెల్లని దేహం, దానిమీద ఎర్రని చుక్కలు, బొడిపెలు. పెళుసు నక్షత్రాలు దాని ఆహారం. ఒడ్డు మడుగులలో కంటె జాలరుల వలలలో పడి బయటికి రావడమే ఎక్కువ. తూర్పుతీరపు ప్రాచీన దేశనామం ఒక నత్తకు దక్కిందని చిన్నబుచ్చుకోనవసరం లేదు. చాలా రాజ్యాలకు ఆ పాటి శాశ్వతత్వం కూడా దక్కలేదు.

ఎలియట్ వాల్తేరులో ఉన్న ఆ సంవత్సరాలలోనే ఇంగ్లండులో మరొక కథ నడిచింది. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1853లో డెవన్‌షైర్ తీరపు రాతిమడుగుల గురించి, మరుసటి సంవత్సరం అక్వేరియం గురించి పుస్తకాలు వ్రాశాడు. చదివినవారికి ఆ మడుగుల మీద వ్యామోహం పుట్టింది. ఉలులు, సుత్తులు, జాడీలు పట్టుకొని జనం తీరాల మీద పడ్డారు. అనిమోనులను రాతి ముక్కలతో సహా పెకలించి ఇళ్ళకు తీసుకుపోయారు. గాజుతొట్లలో అవి ఎన్నాళ్ళు బ్రతికి ఉంటాయో ఊహించవచ్చు. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన తన ఆత్మకథలో, తండ్రితో కలిసి బాల్యంలో చూచిన ఆ మడుగులు అట్లా దోపిడీకి గురైన వైనం తలచుకొని బాధపడ్డాడు. తాను ప్రేమించి ఇతరుల చేత ప్రేమింపజేసిన వస్తువు ఆ ప్రేమవల్లనే నశించడం తండ్రికి కూడా దుఃఖం కలిగించిందని ఆయన వ్రాశాడు. జాడీకి బదులు కెమేరా చేతబట్టినవారు తాము నిరపాయకరులమని అనుకోవడం సహజం. అది సగమే నిజం. ఆ సంగతికి ముందు వేళాపాళా తెలుసుకోవాలి.

అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూగా రెండు మూడు దినాలపాటు ఆటు మిక్కిలి దిగువకు పోతుంది. అష్టమి ప్రాంతంలో వెళితే చూడదగిన రాళ్ళు నీటిలోనే ఉంటాయి. ఒక ఆటుకు మరొక ఆటుకు నడుమ ఇంచుమించు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. కనుక ప్రతిదినం వేళ సుమారు యాభై నిమిషాలు వెనుకకు జరుగుతుంది. ఊరికీ ఊరికీ కూడా తేడా ఉన్నది. ముంబయిలో పర్వదినాల ఆటు ఉదయ, సాయం సంధ్యలకు దగ్గరగా వస్తుంది. నీరు నాలుగు మీటర్లకు పైగా దిగుతుంది. గుజరాత్‌లో, 1982లో ఏర్పడిన కచ్ సింధుశాఖ సముద్ర జాతీయోద్యానంలో, నరారా వద్ద నీరు తగ్గిన పగడపు దిబ్బల మీద కాలినడకన చాలా దూరం పోవచ్చు. విశాఖలో ఆ వైభవం లేదు. ఇక్కడ నీరు దిగేది ఒకటిన్నర మీటరు మాత్రమే. అదీ సామాన్యంగా మధ్యాహ్నం దాటిన తరువాత. వేసవిలో ఆ వేళకు చిన్న మడుగులు వెచ్చబడి, సుకుమారమైన జీవులన్నీ రాళ్ళ క్రిందికి చేరతాయి. శీతకాలంలో వెదకినవారికే ఫలితం ఎక్కువ. ఆటు పూర్తి కావడానికి గంట ముందే చేరి, దిగుతున్న నీటి వెంబడి పోవడం మంచిది.

చేరిన తరువాత చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. ఒక మడుగు ఎంచుకొని, నీడ దాని మీద పడకుండా కూర్చోవాలి. అయిదు నిమిషాలకు సన్యాసి పీతలు తిరిగి నడవడం మొదలుపెడతాయి. పది నిమిషాలకు కన్ను ఆ కొలతకు అలవాటు పడుతుంది. న్యూడిబ్రాంకును నేరుగా వెదకడం కంటె దాని ఆహారాన్ని వెదకడం తెలివి: రాతి చూరుల క్రింది స్పంజికలు, ఈకలవంటి హైడ్రాయిడ్లు. రిబ్బను చుట్టినట్టు వలయంగా అంటించిన గ్రుడ్లు కనిపిస్తే తల్లి చుట్టుప్రక్కలే ఉండవచ్చు.

ఛాయాచిత్రం తీయడంలో మొదటి శత్రువు నీటి పైభాగాన మెరిసే ఆకాశం. గొడుగు నీడ పట్టినా, కెమేరాకు పోలరైజింగ్ ఫిల్టరు తగిలించి నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూచినా ఆ మెరుపు చాలావరకు పోతుంది. రెండవ చిక్కు స్పష్టత. ప్రాణిని ఫిల్ము మీద లేక సెన్సారు మీద అసలు పరిమాణంలో పడేటట్లు తీసినప్పుడు, కటకం రంధ్రాన్ని ఎఫ్-16కు కుదించినా స్పష్టంగా వచ్చే లోతు రెండు మిల్లీమీటర్లు మాత్రమే. తలమీది కొమ్ములు స్పష్టంగా ఉంటే తోక మసకబారినా ఫరవాలేదు. జాతిని గుర్తించడానికి కొమ్ములు, మొప్పలు ప్రధానం. ఫిల్ముల కాలంలో ముప్పై ఆరు బొమ్మలు తీసి, వారం తరువాత అందులో మూడు పనికివస్తే సంతోషించేవారు. ఇప్పుడు నీటిలో ముంచదగిన చిన్న కెమేరాలు, దగ్గరగా చూడగల ఫోనులు ఆ కష్టాన్ని తీర్చినవి. అయితే వాటితో మరొక చెడుగు వచ్చింది. ఖర్చు లేదు గనుక ఎన్ని బొమ్మలైనా తీయవచ్చు; ఆ బొమ్మ కోసం ప్రాణిని ఎన్నిమార్లైనా అటూ ఇటూ జరపవచ్చు.

పైన సగం నిజమన్నది ఇందుకే. నల్లని రాతి మీదికి మార్చిన న్యూడిబ్రాంకు బొమ్మ అందంగానే ఉంటుంది. అది తన స్పంజికకు తిరిగి చేరకపోతే ఆకలితో చావవచ్చు. ఆ బొమ్మ చూచినవారికి అది ఏమి తినేదో తెలియదు. కనుక సాక్ష్యంగా కూడా దాని విలువ తగ్గుతుంది. తిరగేసిన రాయి సంగతి ఇంకా దారుణం. రాతి క్రింద బ్రతికేవి ఎండకు ఎండుతాయి, పైన పెరిగే నాచు చీకటిలో కుళ్ళుతుంది. రాయిని మెల్లగా ఎత్తి, చూచి, ఉన్నట్లే తిరిగి పెట్టాలి. కాలికి గట్టి చెప్పులు తప్పవు. కోన్ శంఖాలను అరచేతిలోకి తీసుకోరాదు. వాటిలో కొన్నిటి కాటుకు మనుషులు చనిపోయిన ఉదంతాలు ఉన్నవి. 2001లో సముద్రదోసకాయలను, సముద్రగుర్రాలను, రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రిందికి తెచ్చారు. వాటిని ఇంటికి తీసుకుపోవడం నేరం.

ఇంతా చేసి ఆ బొమ్మలు ఎవరికి కావాలి? ముంబయిలో 2017లో కొందరు పౌరులు మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి అనే పేరున నగర తీరాలలోని జీవులను ఛాయాచిత్రాలతో నమోదు చేయడం ప్రారంభించారు. మురుగు, చెత్త తప్ప ఏమీ లేదనుకున్న రాళ్ళ మీద ఆక్టోపస్‌లు, న్యూడిబ్రాంకులు, పగడాలు బయటపడినవి. 2020లో తీరపు రహదారి నిర్మాణం సందర్భంగా హాజీ అలీ, వర్లీ రాళ్ళ మీది పగడాలను విడదీసి వేరొక చోటికి తరలించారు. తరలింపు సరియైన పరిష్కారమా కాదా అన్నది వేరే చర్చ. అక్కడ పగడాలున్నాయని ముందుగా ఎవరైనా చూచి ఉండకపోతే ఆ చర్చకే తావుండేది కాదు. విశాఖలో కూడా ఇప్పుడు ఆటువేళల్లో పిల్లలను, పెద్దలను వెంటబెట్టుకొని మడుగులు చూపే నడకలు జరుగుతున్నవి.

బొమ్మ వెనుక నాలుగు మాటలు ఉండాలి: తేది, వేళ, చోటు, ప్రాణి దేనిమీద ఉన్నది. పేరు తెలియకపోతే ఖాళీ వదలడం మంచిది; ఊహించి వ్రాసిన పేరు తరువాతివారిని పెడదారి పట్టిస్తుంది. ఎలియట్ సీసాలను న్యూకాజిల్ మ్యూజియంలో చార్లెస్ ఎలియట్ అనే వేరొక పండితుడు 1906లో తిరిగి పరిశీలించాడు. వాల్తేరులో జీవులు పట్టుబడిన అర్ధశతాబ్దం తరువాత కూడా ఆయనకు పని మిగిలి ఉండినది.

పోటు తిరిగిందని మొదట తెలిపేది అలల చప్పుడు కాదు. మడుగు అంచున ఎక్కడో ఒక నెరియ గుండా చల్లని నీటిపాయ లోపలికి వస్తుంది. ముడుచుకొని ఉన్న అనిమోను విచ్చుకుంటుంది. పెళుసు నక్షత్రాల చేతులు మరికొంత బయటికి సాగుతాయి. కెమేరా మూత పెట్టి, ఎత్తిన రాళ్ళన్నీ తిరిగి సర్దామో లేదో ఒకమారు చూచుకొని, ఒడ్డువైపు నడవడానికి అదే వేళ.