అవధాని ఒక్కడే!

కోర్లు ఎక్కువైతే పాత ఆర్కేడ్ ఆటలు జోరుగా నడుస్తాయని మా తిరువూరు కుర్రవాళ్ళు తండ్రులచేత కొత్త కంప్యూటర్లు కొనిపించజూస్తున్నారు. మిత్రులారా, ఆ కష్టార్జితాన్ని తొందరపడి వెచ్చించవద్దని నా మనవి.

1997లో నికోలా సాల్మోరియా ప్రారంభించిన మేమ్, ఆటపెట్టెలోని ప్రాసెసర్లను, ధ్వని చిప్పులను అనుకరిస్తుంది. అవి క్షణక్షణం పరస్పరం వేచిచూడవలసినవి. వేర్వేరు కోర్లకు పంచితే వాటిని కలపడానికే కాలం ఖర్చవుతుంది. అందుకే ముఖ్యమైన పని ఒక్క కోర్‌పైనే సాగుతుంది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనమండుగురైనా అవధాని ఒక్కడే కదా!

కొన్ని ఆటలలో త్రిమితీయ చిత్రాలు గీయడం వంటి పనులే తక్కిన కోర్లకు చేరుతాయి. ఆ లెక్క చూసే 'నమ్‌ప్రాసెసర్స్' అమరికను 'ఆటో'గానే ఉంచండి. కొనక తప్పనినాడు కోర్ల సంఖ్య కాదు, ఒక్కొక్క కోర్ వేగం విచారించండి. 1980 నాటి పాక్‌మాన్‌కు ఇంట్లోని పాత యంత్రమే చాలును.