కప్పు తెచ్చిన గురువును పంపించివేస్తే?



ఈ నెల ఒక తగవును గురించి చెప్పుకుందాం. ఇది రాజ్యాల మధ్య వచ్చిన తగవు కాదు. అన్నదమ్ముల ఆస్తి తగవు కాదు. ఫుట్‌బాల్ ఆటను ప్రాణంగా చూసుకునే ఒక ఊరి జనం తమలో తాము పడిన తగవు. ఆట ముచ్చటే గదా అని తేలికగా తీసిపారెయ్యకండి. ఇందులో మీ బడికీ, మీ ఇంటికీ పనికివచ్చే సంగతులున్నవి.

ఇంగ్లండు దేశం నడిబొడ్డున లెస్టర్ అనే నగరం ఉన్నది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు 1884లో పుట్టింది. జట్టు గుర్తు నక్క. ఆ దేశంలో పెద్ద తరగతి పోటీని ప్రీమియర్ లీగ్ అంటారు. అందులో 20 జట్లు ఉంటవి. ఒక్కొక్క జట్టు మిగిలిన 19 జట్లతోనూ రెండేసిసార్లు ఆడుతుంది. అంటే మొత్తం 38 ఆటలు. గెలిస్తే 3 పాయింట్లు, సమంగా నిలిస్తే 1, ఓడితే సున్న. సంవత్సరాంతంలో అడుగున మిగిలిన మూడు జట్లూ కింది తరగతికి దిగిపోవాలి. మన బళ్ళో పరీక్ష తప్పినవాడు మళ్ళీ అదే తరగతిలో కూర్చుంటాడు. అక్కడ తప్పితే కింది తరగతికే పోవాలన్నమాట! దిగిపోతే రాబడి పడిపోతుంది, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు, క్లబ్బులో చిన్న ఉద్యోగుల పనులు కూడా పోవచ్చును.

జట్టును నడిపే పెద్దను అక్కడ మేనేజరంటారు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఏ ఎత్తు వెయ్యాలి అనేవన్నీ ఆయన చూసుకోవాలి. మన హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం గారు భారత జట్టుకు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణపతకం తెచ్చిపెట్టింది ఇటువంటి పనిలో ఉండే. ఆయన మొదట బడిపంతులు.

ఇక కథలోకి వద్దాం. 2015 వేసవిలో లెస్టర్ జట్టు తన మేనేజరు నైజెల్ పియర్సన్‌ను తొలగించి, క్లాడియో రానియేరి అనే ఇటలీ దేశస్థుణ్ణి తెచ్చుకున్నది. ఊళ్ళో చాలామంది పెదవి విరిచారు. ఎందుకంటే, అంతకు కొద్ది నెలల ముందు, 2014 నవంబరులో, గ్రీసు దేశపు జట్టు ఆయనను నాలుగే ఆటలకు ఇంటికి పంపించింది. అప్పటికి యాభైవేల జనాభా కూడా లేని ఫారో దీవుల చేతిలో సొంతగడ్డమీద ఓడినందుకు! లెస్టర్‌లోనే పుట్టి ఆ జట్టుకే ఆడిన గ్యారీ లినెకర్ కూడా, ఈయన్నెందుకు తెచ్చారని బాహాటంగానే ఆశ్చర్యపోయాడు. జట్టు కప్పు గెలిస్తే ఒకటికి 5,000 ఇస్తామని పందేల కంపెనీలు ప్రకటించాయి.

రానియేరి సరదా మనిషి. ఒక్క గోలు కూడా ఇవ్వకుండా ఒక ఆట గెలిస్తే పిజ్జా తినిపిస్తానని ఆటగాళ్ళకు మాట ఇచ్చాడు. 2015 అక్టోబరులో వాళ్ళు గెలిచారు. ఆయన వాళ్ళను పిజ్జా దుకాణానికి తీసుకుపోయి, పిండి ముందు పెట్టి, కావలసినది మీరే చేసుకోండి అన్నాడు. కష్టపడి సంపాదించుకోవాలన్నది ఆయన పాఠం. ఆ సంవత్సరం జట్టు 38 ఆటలలో మూడు మాత్రమే ఓడి, 81 పాయింట్లతో, 2016 మే నెలలో కప్పు గెలిచింది. 132 ఏళ్ళ చరిత్రలో అదే మొదటిసారి. లెస్టర్ గెలిస్తే టెలివిజన్‌లో ఉత్త లాగూతో కనబడతానని పందెం కాసిన లినెకర్, ఆగస్టులో ఆ మాట నిలబెట్టుకోవలసి వచ్చింది!

ఇంతలో చక్రం తిరిగింది. జట్టుకు గుండెకాయవంటి కాంటే అనే ఆటగాణ్ణి చెల్సీ జట్టు కొనుక్కుపోయింది. ఎదటి జట్లు లెస్టర్ ఎత్తులను కనిపెట్టినవి. 2017 జనవరి 9న ప్రపంచంలోకెల్ల మేటి శిక్షకుడని రానియేరికి ఫిఫా సంస్థ బహుమానం ఇచ్చింది. ఫిబ్రవరి 7న, ఆయనకు మా మద్దతు చెక్కుచెదరలేదని క్లబ్బు ప్రకటించింది. ఫిబ్రవరి 23న అదే క్లబ్బు ఆయనను తొలగించింది! అప్పటికి 25 ఆటలలో 21 పాయింట్లు. స్థానం 17. అంటే దిగిపోయే గీతకు ఒక్క పాయింటు పైన. ఆ సంవత్సరం పుట్టిన తరువాత లీగులో ఒక్క గోలు కూడా కొట్టలేదు. మిగిలినవి 13 ఆటలు.

తగవు ఇక్కడ మొదలైంది. ఊరు రెండు పక్షాలుగా చీలింది.

“ఇది ఏరు దాటి తెప్ప తగలెయ్యడం! మన తాతలు కూడా చూడని కప్పును తెచ్చిన మనిషికి ఇదా మర్యాద? కింది తరగతికి పోతే పోదాం, ఆయనతోనే పోదాం” అన్నది ఒక పక్షం.

“కృతజ్ఞత వేరు, జట్టును కాపాడుకోవడం వేరు. పడవ మునిగిపోతుంటే సరంగు నిరుడు మంచివాడని చూస్తూ కూర్చోమంటారా?” అన్నది రెండవ పక్షం.

ఇప్పుడు మీలో ఏ పక్షం వారు ఎందరో చేతులెత్తమంటే, చెరిసగం లేస్తవని నా అనుమానం. ఎందుచేతనంటే ఇరువురూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. తగవులలో పెద్ద చిక్కు ఇదే. మూడు ప్రశ్నలను ఒకే మూటలో కట్టి, మూట కోసం కొట్టుకుంటాం. మూట విప్పి చూద్దాం.

మొదటి ప్రశ్న: ఆయనను తీసెయ్యడం అవసరమా? ఇది లెక్కకు సంబంధించినది. రెండవ ప్రశ్న: తీసేసిన పద్ధతి మర్యాదగా ఉన్నదా? ఇది నీతికి సంబంధించినది. మూడవ ప్రశ్న: తరువాత ఎవరు? ఇది ముందుచూపుకు సంబంధించినది. మొదటిదానికి అవునన్నవాడు రెండవదానికి కాదనవచ్చును. అందులో తప్పేమీ లేదు. మద్దతు ఉన్నదని చాటిన పదహారు రోజులకే మనిషిని పంపడం తగదని అంటూనే, జట్టుకు మార్పు కావాలని కూడా అనవచ్చును.

మూడవ ప్రశ్న దగ్గర ఊరంతా మరీ వేడెక్కింది. పత్రికలలో పేర్లు వచ్చినవి. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క రకం ఆలోచన ఉన్నది, గమనించండి.

మొదటి పేరు రొబెర్టో మాంచీని. 2012లో మాంచెస్టర్ సిటీకి కప్పు తెచ్చినవాడు. ఆటగాడుగా 2001లో కొద్దిరోజులు లెస్టర్‌కు ఆడినవాడు కూడా. పెద్ద పేరుంటే పెద్ద పని జరుగుతుందని ఆయన పక్షం వారి నమ్మకం. పొరుగింటి పుల్లకూరకు రుచి ఎక్కువని కాదనేవారు కాదన్నారు.

రెండవ పేరు హూస్ హిడింక్. మధ్యలో వచ్చి జట్టును చక్కదిద్దే పని చెల్సీలో రెండుసార్లు చేసినవాడు. అంటే, ఇటువంటి జబ్బుకే మందు ఇచ్చి అలవాటున్న వైద్యుడు.

మూడవ పేరు పాత మేనేజరు పియర్సన్. 2015లో ఇదే జట్టు అడుగున పడివుంటే, చివరి తొమ్మిది ఆటలలో ఏడు గెలిపించి గట్టెక్కించాడు. చేసి చూపించినవాణ్ణే పిలుద్దామని వీరి వాదం.

నాలుగవ పేరు క్రెయిగ్ షేక్‌స్పియర్. నాటకాలు రాసిన మహాకవి కాదు లెండి! పియర్సన్ దగ్గరా, రానియేరి దగ్గరా సహాయకుడుగా పనిచేసినవాడు. ఆటగాళ్ళ మంచిచెడ్డలు ఆయనకు కొట్టినపిండి. అయితే పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదా! ఇంతకుముందు సొంతంగా పెద్ద జట్టును నడపలేదు గనుక, ఈయన పేరు చెబితే చాలామంది నవ్వారు.

యజమానులు అప్పటికి పెరటి చెట్టునే నమ్మారు. ఫిబ్రవరి 27న లివర్‌పూల్‌తో ఆట. 65వ నిమిషంలో జనం ఫోను దీపాలు వెలిగించి ఎత్తిపట్టారు. వెళ్ళిపోయిన రానియేరి వయస్సు 65 మరి. కొత్తవాడి జట్టు గెలుస్తుంటే పాతవానికి దణ్ణం పెట్టడం! రెండు పక్షాలూ ఆ నిమిషంలో ఒకటైనవి. లెస్టర్ 3-1తో గెలిచింది. వరుసగా అయిదు లీగు ఆటలు గెలిచింది. ఐరోపా చాంపియన్ల పోటీలో చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచింది. 13 ఆటలలో 23 పాయింట్లు సంపాదించి, 12వ స్థానంలో సంవత్సరం ముగించింది.

“చూశారా, తీసెయ్యడమే మంచిదైంది!” అని మీరంటారు. ఆగండి. తాటిచెట్టుమీద కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలినందుకే పడిందా? దీనినే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. ఇక్కడ కాకి ఎంత, పండు ఎంత అన్నది చూడాలి.

మీ తరగతిలో ఒక ప్రయోగం చెయ్యండి. ఇరవైమంది పిల్లలు ఒక్కొక్క రూపాయి నాణెం తీసుకుని పదేసిసార్లు ఎగరవెయ్యండి. ఎవరికి ఎన్ని బొమ్మలు పడినవో రాసుకోండి. బొమ్మలు అన్నిటికన్న తక్కువ పడిన అయిదుగురినీ ముందుకు పిలిచి, వాళ్ళ టోపీలో తలపాగాలో మార్చండి. లేకపోతే వాళ్ళ నాణేలకు కొత్త మేనేజరును పెట్టండి! మళ్ళీ పదేసిసార్లు వెయ్యమనండి. అయిదుగురిలో ఎక్కువమందికి ఈసారి బొమ్మలు పెరుగుతవి. టోపీ మహిమ కాదు. మొదటిసారి బాగా తక్కువ పడడంలో దురదృష్టం ఉన్నది. అది ప్రతిసారీ వెంట ఉండదు గనుక, లెక్క మళ్ళీ నడిమికి వస్తుంది.

ఫుట్‌బాల్ బొమ్మా బొరుసూ కాదు, అందులో నేర్పున్నది. కాని అదృష్టం పాలు కూడా ఉన్నది. మేనేజరును మనం ఎప్పుడు తీసేస్తాం? వరుసగా ఓడినప్పుడు. అంటే అయిదుగురు పిల్లలను ఏరినట్టే, దురదృష్టం ముదిరిన వేళనే ఏరుతున్నాం. నెదర్లాండ్స్ దేశపు ఆర్థికశాస్త్రవేత్త ఒకరు 1986 నుంచి 2004 వరకు అక్కడి లీగును పరిశీలించారు. మేనేజరును మార్చిన జట్లు తరువాత బాగుపడినవి, నిజమే. కాని అంతే చెడ్డగా ఆడుతూ మేనేజరును మార్చని జట్లు కూడా దాదాపు అలాగే బాగుపడినవి!

లెస్టర్ సంగతి అలాగేనని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఆ 13 ఆటలనూ రానియేరి చేత మళ్ళీ ఆడించి చూడడానికి వీలు లేదు గదా! ఒక లెక్క మాత్రం చూపిస్తాను. 2015 నుంచి నాలుగు సంవత్సరాలు లెస్టర్ స్థానాలు ఇవి: 14, 1, 12, 9. మిగిలిన మూడింటికీ పొందని అంకె ఏది? ఒకటి! రానియేరిని జనం కొలిచింది మామూలు మేనేజర్లతో కాదు, ఆయన చేసిన అద్భుతంతోనే.

షేక్‌స్పియర్ కథ కూడా వినండి. 2017 వేసవిలో ఆయనకు మూడేళ్ళకు ఉద్యోగం ఖాయం చేశారు. ఎనిమిది ఆటలలో ఒక్కటే గెలిచేసరికి అక్టోబరులో ఆయననూ తొలగించారు. ఊళ్ళో మళ్ళీ అదే తగవు, మళ్ళీ పేర్ల జాబితా!

మీ బళ్ళో కబడ్డీ జట్టు నాయకుణ్ణి మార్చాలనే మాట రేపు రావచ్చును. అప్పుడు ఎవరి పేరైనా చెప్పేముందు రెండు పనులు చెయ్యండి. ఓటమికి నాయకుడి పాలు ఎంత, మిగిలిన కారణాల పాలు ఎంత అని కాగితంమీద రాయండి. మార్చక తప్పదని తేలితే, పాత నాయకుడికి మొదట మీరే వెళ్ళి చెప్పండి. గోడమీద రాసిన కాగితం చూసి తెలుసుకునే గతి ఆ పిల్లవాడికి పట్టించకండి.

రానియేరి ఏమైనాడంటారా? 2024 నవంబరులో, ఇటలీలో రోమా జట్టు 12వ స్థానంలో పడివున్నది. ఆ ఏడాదికి ఇద్దరు మేనేజర్లను అప్పటికే తీసేశారు. ఎవరిని పెట్టాలా అని రోము నగరమంతా తగవులాడింది. చివరకు ఆ ఊళ్ళోనే పుట్టి, పనినుంచి విరమించుకుని ఇంట్లో కూర్చున్న 73 ఏళ్ళ ముసలాయనను పిలిచారు. ఆయనే మన రానియేరి. ఆ ఏడాది రోమా 5వ స్థానంలో ముగించింది. అందులో ఆయన నేర్పు ఎంత, నాణెం పాలు ఎంత? ఆ లెక్క మీరు చెయ్యండి.