సముద్రం చూడబోతున్నారా?

ప్రశ్న: డాక్టరుగారూ! సంక్రాంతి సెలవుల్లో కాకినాడ వెళ్లి కోరంగి మడ అడవులు, పడవమీద హోప్ ఐలాండ్, వీలైతే సముద్రపు తాబేళ్లు పిల్లలకు చూపించాలని మావారి కోరిక. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. మా అత్తమ్మకు చాలా ఏళ్లుగా షుగరు వుంది. మాలో ఎవరమూ ఇంతవరకు సముద్రం చూడలేదు. బాబుకు మాత్రం బావిలో ఈత వచ్చు కనక భయం లేదు. ఏ మందులు వెంట తీసుకువెళ్లాలి?
- ఒక సోదరి, మొయినాబాదు

జవాబు: మందుల సంగతి తర్వాత చెబుతానమ్మా. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది 'బావిలో ఈత వచ్చు కనక భయం లేదు' అన్న మాట. నేనూ చేవెళ్ల దగ్గర వ్యవసాయ బావిలో బెండ్లు కట్టుకుని ఈత నేర్చినవాణ్ణే. మెడిసిన్ చదివే రోజుల్లో స్నేహితులతో మొదటిసారి సముద్రానికి వెళ్లాను. నడుము లోతులో నిలబడి వున్నవాణ్ణి, చూస్తూండగానే ఒడ్డు దూరమైపోయింది. ఒడ్డుకేసి ఈదినకొద్దీ వెనక్కే పోయాను. ఒక జాలరి తాడు విసిరి లాగకపోతే ఈ శీర్షిక ఇంకో డాక్టరు రాస్తూ వుండేవాడు.

గండిపేట, హిమాయత్‌సాగర్ చూసి పెరిగిన మనకు నీళ్లు మనిషిని లాక్కుపోతాయని తోచదు. ఒడ్డుకు వచ్చిన కెరటాల నీరు తిరిగి లోపలికి పోవడానికి ఒక ఇరుకు దారి చేసుకుంటుంది. అక్కడ అలలు విరగవు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు! అందులో చిక్కితే ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగడం తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వెయ్యాలి. మీ పిల్లలకైతే మోకాలి లోతు చాలు, అదీ పెద్దవాళ్ల చేతికి అందేంత దూరంలోనే. పడవలో లైఫ్ జాకెట్టు పక్కన పెట్టుకోవడానికి కాదు, కట్టుకోవడానికి. పాప కొలతకు సరిపోయే జాకెట్టు లేకపోతే ఎక్కకండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయినవాళ్ల బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. చనిపోయినవాళ్లలో మన తెలంగాణవాళ్లూ వున్నారు.

మునిగినవాణ్ణి బయటికి తీయగానే తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మనవాళ్ల అలవాటు. దయచేసి ఆ పని చెయ్యకండి. కడుపులో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కడం, 2 సార్లు ఊదడం. 108 వచ్చేదాకా ఆపకూడదు. నీళ్లు మింగి దగ్గుతున్నవాడు తేరుకున్నట్టు కనిపించినా సరే, ఆస్పత్రిలో చూపించాలి.

ఇక అత్తమ్మగారు. పాతబడిన షుగరులో పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ఎండకు కాలిన ఇసుకలో చెప్పులు లేకుండా నడిస్తే బొబ్బలెక్కినా ఆమెకు తెలియదు. మడ అడవి బురదలో పైకి పొడుచుకు వచ్చే వేళ్లు, గవ్వల పెంకులు కోసినా అంతే. ఇంట్లోలాగా వట్టి కాళ్లతో తిరగనివ్వకండి. మడమ మూసిన చెప్పులు వేయించి, రాత్రి పడుకునే ముందు దీపం దగ్గర పాదాలు మీరే చూడండి. ఉప్పునీటిలో తెగిన గాయం ఎర్రబడి, వాచి, పైకి పాకుతుంటే తెల్లారేదాకా ఆగవద్దు. షుగరున్నవాళ్లకు అది గంటల్లో ముదరవచ్చు. మాత్ర వేసుకుని పడవకోసం భోజనం ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది, సంచిలో గ్లూకోజు, బిస్కట్లు వుండాలి. కాకినాడ కాజా మాత్రం ఆమె ఎదుట విప్పకండి, పాపం!

మన చేవెళ్లది పొడి ఎండ, చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రతీరంలో చెమట ఆరదు. జనవరిలో కూడా మధ్యాహ్నం పిల్లలు వడలిపోతారు. నీళ్లు అడిగేదాకా ఆగకుండా తాగించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు తీసుకెళ్లి, విరేచనాలైతే ప్యాకెట్టు మీద రాసిన కొలత నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. సగం సగం వద్దు. పడవలో వాంతుల మాత్ర ఎక్కేముందే వేసుకోవాలి, పాపకు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదే. మడ అడవిలో సాయంకాలం దోమలెక్కువ, పొడుగు చేతుల చొక్కాలు తొడగండి.

జెల్లీ చేప తగిలి మండితే రుద్దకండి, మంచినీళ్లు పొయ్యకండి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులు పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ముంచి వుంచండి. ఆయాసం, గుండెదడ వస్తే ఆస్పత్రికి వెళ్లాలి.

తాబేళ్లు గుడ్లు పెట్టడానికి జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. సంక్రాంతికి కనబడితే అదృష్టమే. పిల్లలు బయటికి వచ్చేది ఆ తర్వాత నెలన్నర, రెండు నెలలకు. మీ బాబుకు ఒడ్డున చచ్చిన తాబేలు కనబడవచ్చు. వలలో చిక్కి ఊపిరాడక చచ్చినవి అలా కొట్టుకొస్తాయి. అదీ మనలాగే గాలి పీల్చే ప్రాణి అని చెప్పండి, ముట్టుకోనివ్వకండి. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించాలి.

బయలుదేరడానికి వారం ముందు అత్తమ్మగారిని ఉదయంపూట ఆస్పత్రికి తీసుకురండి. పాదాలు చూసి పంపిస్తాను. కొత్త చెప్పులు కొనే వుంటే అవీ వేయించుకుని రండి, కరుస్తున్నాయేమో చూద్దాం.