నాన్న రిపోర్ట్‌లో మీరు చూడని లైన్లు

ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే కాబట్టి ఓపెన్ చేసేదీ మీరే. నేరుగా షుగర్ ఉన్న పేజీకి వెళ్తారు. ‘‘మూడు నెలల షుగర్ 7.2 నాన్నా, పోయినసారి కంటే తగ్గింది’’ అంటారు. ఆయన హమ్మయ్య అనుకుంటారు. మిగతా పేజీల జోలికి ఎవరూ వెళ్లరు.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో లెక్క చెప్పింది. షుగర్ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బే. మరి ఇద్దరికీ షుగర్ 7.2 ఉంటే ఇద్దరికీ ముప్పు ఒక్కటేనా? కాదు. ఆ తేడా ఎక్కడుందో చెప్పే సంకేతాలు రక్తంలో వేరే ఉన్నాయి. వాటినే బయోమార్కర్లు అంటారు.

షుగర్ ఎంత తగ్గితే అంత మంచిదా?

షుగర్ కంట్రోల్‌లో ఉండాల్సిందే, అందులో డౌట్ లేదు. బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ స్టడీలో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్, ఒక్క పాయింట్ తక్కువ ఉన్నవాళ్లలో షుగర్ వల్ల వచ్చే మరణాలు 21 శాతం తక్కువగా కనిపించాయి.

అయితే అకార్డ్ ట్రయల్ సంగతి కూడా వినండి. అమెరికా, కెనడాల్లో గుండె ముప్పు ఎక్కువున్న 10,251 మంది షుగర్ పేషెంట్లను రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి మందులు గట్టిగా ఇచ్చి హెచ్‌బీఏ1సీని 6 లోపుకి తేవాలని చూశారు. 2008 ఫిబ్రవరిలో ఆ ప్రయత్నాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఎందుకంటే గట్టిగా తగ్గించిన గ్రూపులో 257 మంది, మామూలు గ్రూపులో 203 మంది చనిపోయారు. అందుకే 65 ఏళ్ల హార్ట్ పేషెంట్‌ని ‘6కి తేవాలి’ అని తొందరపెట్టకండి. టార్గెట్ ఎంతో డాక్టర్ చెప్పాలి.

ఇంకో తిరకాసు. అమ్మకి ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. కాబట్టి పక్కనే ఉన్న హిమోగ్లోబిన్ లైన్ కూడా చూడాలి.

నొప్పి లేకుండానే గుండె చెప్పే మాట

ట్రోపోనిన్ అనేది గుండె కండరంలో ఉండే ప్రోటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే చేసేది ఈ టెస్టే. ఇప్పుడున్న హై సెన్సిటివిటీ టెస్టులు చాలా కొద్ది మోతాదును కూడా పట్టేస్తాయి.

షుగర్‌తో పాటు గుండె రక్తనాళాల్లో పూడికలు ఉండి, అప్పటికి నిలకడగా ఉన్న 2,285 మందిని బారీ-2డీ ట్రయల్‌లో పరిశీలించారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. వాళ్లలో దాదాపు 40 శాతం మందికి ట్రోపోనిన్ లీటరుకి 14 నానోగ్రాములు, ఆ పైన ఉంది. ఐదేళ్లలో వీళ్లలో 27 శాతం మందికి గుండెపోటో, పక్షవాతమో, గుండె సంబంధ మరణమో ఎదురైంది. ట్రోపోనిన్ మామూలుగా ఉన్నవాళ్లలో ఇది 13 శాతమే.

అదే స్టడీలో ఇంకో విషయం తేలింది. ట్రోపోనిన్ ఎక్కువుంది కదా అని వెంటనే స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా ఆ ముప్పు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంటే ఈ మార్కర్ ‘జాగ్రత్త’ అని చెబుతుందే గానీ ‘ఆపరేషన్ చేయించు’ అని చెప్పదు.

ఇలాంటిదే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. గుండె మీద ఒత్తిడి పెరిగి గోడలు సాగినప్పుడు ఇది రక్తంలో పెరుగుతుంది. ఆయాసం, కాళ్ల వాపులు మొదలుకాక ముందే గుండె బలహీనపడుతోందని పసిగట్టొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి ఈ టెస్టు గానీ బీఎన్‌పీ గానీ చేస్తే మంచిదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణులు 2022లో సూచించారు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 125 పికోగ్రాములు దాటితే డాక్టర్ ఇంకాస్త లోతుగా చూస్తారు. వయసు, కిడ్నీ సమస్య ఉంటే ఇది పెరుగుతుంది. ఒళ్లు ఎక్కువుంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి నంబర్ చూసి మనమే తీర్పు చెప్పేయకూడదు.

తక్కువ ఖర్చు, ఎక్కువ సమాచారం

అన్నిటికంటే చవకైనవి, ఎవరూ పట్టించుకోనివి కిడ్నీ టెస్టులు. క్రియాటినిన్ లైన్ కింద ఈజీఎఫ్‌ఆర్ అని ఉంటుంది. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువుంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. దాంతో పాటు యూరిన్ అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో చేయించాలి. ఇది 30 దాటిందంటే మూత్రంలో ప్రోటీన్ పోతోందని అర్థం. కిడ్నీలో సన్న రక్తనాళాలు దెబ్బతింటున్నాయంటే గుండెకీ ముప్పు పెరిగినట్టే. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి ఈ రెండూ తప్పనిసరి.

తర్వాత ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. రిపోర్ట్‌లో ‘100 లోపు నార్మల్’ అని ఉంటుంది. నాన్నకి 92 ఉంది, బోల్డ్‌లో రాలేదు కాబట్టి ఓకే అనుకుంటాం. కానీ ల్యాబ్‌కి నాన్నకి స్టెంట్ ఉన్న సంగతి తెలీదు కదా! కార్డియాలజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 గైడ్‌లైన్స్ ప్రకారం ముప్పు ఎక్కువున్నవాళ్లకి 70 లోపు, మరీ ఎక్కువున్నవాళ్లకి 55 లోపు ఉండాలి. షుగర్‌తో పాటు హార్ట్ ప్రాబ్లమ్ ఉన్నవాళ్లు ఈ రెండో లిస్టులోకి వస్తారు. అంటే ల్యాబ్ నార్మల్ వేరు, నాన్న నార్మల్ వేరు.

ఇంకొకటి లైపోప్రోటీన్-ఎ. ఇది ఎక్కువగా జీన్స్‌ని బట్టే ఉంటుంది. జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ. నాన్నకి ఎక్కువుంటే మీకూ ఉండే చాన్స్ ఉంది, కాబట్టి మీరూ ఒకసారి చేయించుకోండి.

ముప్పు తెలిసి ఏం లాభం?

తెలిస్తే తగ్గించుకునే దారులున్నాయి. స్టాటిన్ డోస్ మార్చడం, బీపీ అదుపు, సిగరెట్ మానడం ఎలాగూ ఉన్నాయి. 2015లో వచ్చిన ఎంపా-రెగ్ ట్రయల్‌లో షుగర్, గుండె జబ్బు రెండూ ఉన్న 7,020 మందిని చూశారు. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో గుండె సంబంధ మరణాలు 5.9 శాతం నుంచి 3.7 శాతానికి తగ్గాయి. 2025 మార్చిలో మన దేశంలో దీని పేటెంట్ ముగిసింది. చాలా కంపెనీల మాత్రలు వచ్చి ధర బాగా పడిపోయింది. అందరికీ సరిపడే మందు కాదు కాబట్టి మెడికల్ షాప్‌లో అడిగి కొనేయకండి. ‘మా నాన్నకి పనికొస్తుందా?’ అని డాక్టర్‌ని మాత్రం అడగండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. 27 శాతం ముప్పు అంటే ఆ గ్రూపులో 73 శాతం మందికి ఐదేళ్లలో అవేవీ రాలేదనే. ఇది గుంపు లెక్క. ఏ ఒక్కరి ఆయుష్షునీ రక్తపరీక్ష చెప్పలేదు.

ఈ వారం చేయాల్సినవి

* రెండేళ్ల రిపోర్టులన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఒక్క నంబర్ కంటే అది ఎటు వెళ్తోందన్నదే ముఖ్యం.
* హెచ్‌బీఏ1సీ, ఎల్‌డీఎల్, ఈజీఎఫ్‌ఆర్, యూరిన్ అల్బుమిన్ ఈ నాలుగూ ఏడాదిలో అయ్యాయో లేదో చూడండి.
* ‘70 టెస్టులు, సగం ధర’ ప్యాకేజీ చూసి టెంప్ట్ అవ్వకండి. ట్రోపోనిన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ లాంటివి డాక్టర్ రాస్తేనే చేయించండి.
* డాక్టర్ దగ్గర ‘షుగర్ ఎంతుంది?’తో ఆపేయకుండా ‘గుండెకి, కిడ్నీకి టార్గెట్లు ఏంటి?’ అని అడగండి.
* షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటులో నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, దవడ లాగడం, విపరీతమైన నీరసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. టెస్టులు, పీడీఎఫ్‌లు తర్వాత. ముందు 108కి ఫోన్ చేయండి.