మదర్‌బోర్డు ధర మూడింతలు, వేగం అంతే!

చిప్‌సెట్‌ ఒకటే, సాకెట్‌ ఒకటే, అమర్చే ప్రాసెసర్‌ ఒకటే. అయినా ఒక మదర్‌బోర్డుకూ మరొకదానికీ ధరలో రెండు మూడు రెట్ల వ్యత్యాసం. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, సికింద్రాబాద్‌ సీటీసీలోనో విడిభాగాలు కొని కంప్యూటర్‌ అమర్పించుకునే మధ్యతరగతి వినియోగదారునికి ఇది పెద్ద చిక్కుముడి. ఖరీదైన బోర్డు కొంటే వేగం పెరుగుతుందన్న నమ్మకంతో పలువురు అదనపు సొమ్ము చెల్లిస్తున్నారు. ఆ నమ్మకానికి కాలం చెల్లింది.

ఒకప్పుడు అందులో కొంత వాస్తవం లేకపోలేదు. మెమరీని నడిపించే కంట్రోలర్‌ అప్పట్లో బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. దానిని ఏఎండీ 2003లో, ఇంటెల్‌ 2008లో తమ డెస్క్‌టాప్‌ ప్రాసెసర్లలోకి చేర్చాయి. వేగాన్ని నిర్ణయించే అధికారం చాలావరకు బోర్డు చేయి దాటిపోయింది.

మరి అదనపు సొమ్ము దేనికి? ఏఎండీ 2020లో ప్రవేశపెట్టిన బీ550 చిప్‌సెట్‌ బోర్డులనే ఉదాహరణగా తీసుకుంటే, అసలు వ్యత్యాసం విద్యుత్‌ వలయంలో ఉంది. పవర్‌ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన సుమారు ఒక వోల్టు స్థాయికి తగ్గించే వీఆర్‌ఎం, ఖరీదైన బోర్డులలో మరింత దృఢంగా ఉంటుంది. వేడిని పీల్చే లోహపు పలకలు పెద్దవిగా ఉంటాయి. ఆపైన అదనపు స్టోరేజి స్లాట్లు, వై-ఫై, రంగురంగుల దీపాలు.

65 వాట్ల రైజెన్‌ 5 5600 ప్రాసెసర్‌కు చౌక బోర్డు నిక్షేపంగా సరిపోతుంది. 16 కోర్ల రైజెన్‌ 9 5950ఎక్స్‌తో గంటల తరబడి వీడియో పని చేసేవారి సంగతి వేరు. పూర్తి భారం పడినప్పుడు అది 142 వాట్ల వరకు తీసుకుంటుంది. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో బలహీనమైన వలయం మితిమీరి వేడెక్కితే ప్రాసెసర్‌ వేగాన్ని తగ్గించక తప్పదు. అక్కడ చౌక బేరమే నష్టం.

ధర ఎక్కువైతే ఆయుర్దాయం ఎక్కువన్న భరోసా కూడా లేదు. రానున్న ప్రాసెసర్లు పాత బోర్డులపై పనిచేయవని 2020 మే నెలలో ఏఎండీ ప్రకటించినప్పుడు చౌక బీ450ని, ఖరీదైన ఎక్స్‌470ని ఒకే గాటన కట్టింది. ఆ నెలలోనే సంస్థ మనసు మార్చుకున్నదంటే కారణం వినియోగదారుల నిరసనే తప్ప వారు చెల్లించిన ధర కాదు.

తప్పు కొనుగోలుదారులది మాత్రమే అనలేము. పెట్టెపై ఆకర్షణీయమైన పేర్లు కనిపిస్తాయి కానీ, బోర్డు నిలకడగా ఎన్ని వాట్ల భారాన్ని మోయగలదో సాధారణంగా కనిపించదు. ఫ్రిజ్‌లకు, ఏసీలకు స్టార్‌ రేటింగ్‌ను తప్పనిసరి చేసిన దేశంలో ఈ ఒక్క అంకెను ముద్రించాలని కోరడం అత్యాశ కాదు. అంతవరకు ముందు ప్రాసెసర్‌ను, ఆ తరువాతే దానికి తగిన బోర్డును ఎంచుకోవడం విజ్ఞత. మిగిలిన సొమ్ము మెమరీకో, ఎస్‌ఎస్‌డీకో, యూపీఎస్‌కో వెచ్చిస్తే దాని ఫలితం ప్రతిరోజూ అనుభవంలోకి వస్తుంది.