సంతకం ముందు, యుద్ధం తర్వాత

శంషాబాద్ విమానాశ్రయంలో అర్ధరాత్రి దాటినా డిపార్చర్స్ దగ్గర సందడి తగ్గదు. ప్రయాణం ఒక్కరిదే అయినా సాగనంపడానికి ఇల్లంతా కదిలొస్తుంది. తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె మీద మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు. లోపల పచ్చడి నూనె కారకుండా తల్లి చుట్టిన మూడు కవర్లు. మనిషి లోపలికి వెళ్లిపోయాక కూడా అద్దాల ఇవతల నుంచి చేతులు ఊగుతూనే ఉంటాయి. అదే విమానాశ్రయంలో కార్గో టెర్మినల్ కూడా ఉంది. పరాయి దేశంలో కన్నుమూసినవాళ్లు ఇంటికొచ్చే దారి అది.

2024 మార్చిలో హైదరాబాద్ యువకుడొకరు శవపేటికలో తిరిగొచ్చాడు. ఉక్రెయిన్ యుద్ధంలో, రష్యా పక్షాన చనిపోయాడు. సైనికుడవుదామని ఇల్లు వదిలినవాడు కాడు. సహాయకుడి పని, మంచి జీతం అని ఏజెంట్లు చెప్పిన మాట నమ్మి బయలుదేరాడు. నారాయణపేట జిల్లా యువకుడొకరు అదే వలలో చిక్కి, ఆ ఏడాది సెప్టెంబరులో ప్రాణాలతో ఇల్లు చేరాడు. రష్యా సైన్యంలోకి వెళ్లిన భారతీయులు 126 మంది అని 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పింది. వారిలో 12 మంది మరణించారని, 16 మంది ఆచూకీ లేదని అప్పుడు తెలిపింది.

ఈ యుద్ధంలో భారత్ ఏ పక్షమూ కాదు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా దాడిని తప్పుబడుతూ 141 దేశాలు ఓటేస్తే, ఓటుకు దూరంగా ఉన్న 35 దేశాల్లో మనదీ ఒకటి. అయినా పని కోసమని పెట్టిన సంతకంతో మన పిల్లలు కందకాల్లోకి దిగారు.

తటస్థ దేశాలు దూరపు యుద్ధాల్లోకి వెళ్లే తీరే ఇది. ఎప్పుడో, వేరే అవసరానికి పెట్టిన సంతకం వాటిని అటు లాక్కెళ్తుంది. దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచిన నాయకుడన్న ప్రచారంతో 1916 నవంబరులో వుడ్రో విల్సన్ అమెరికా అధ్యక్షుడిగా మళ్లీ గెలిచాడు. అయిదు నెలలు తిరక్కుండానే, 1917 ఏప్రిల్ 6న, అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచడం అందుకు పైకి కనిపించిన కారణం. కానీ అప్పటికే అమెరికా బ్యాంకులు బ్రిటన్, ఫ్రాన్స్ పక్షానికి 200 కోట్ల డాలర్లకు పైగా అప్పిచ్చి ఉన్నాయి. అప్పు తీసుకున్నవాళ్లు ఓడిపోతే ఇచ్చినవాళ్లూ మునుగుతారు.

హైదరాబాద్ కథ ఇంకా పాతది. ఒకవైపు మరాఠాలు, మరోవైపు టిప్పు సుల్తాన్ ఉండగా, 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆనాటి అవసరం సొంత రాజ్య రక్షణ. 116 ఏళ్ల తర్వాత, 1914లో, ఖలీఫా పాలించే తుర్కీ బ్రిటన్‌కు ఎదురు నిలిచినప్పుడు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముస్లింలంతా బ్రిటన్‌కే విధేయులుగా ఉండాలని ప్రకటన ఇచ్చాడు. హైదరాబాద్ గుర్రపు దళమైన లాన్సర్లు సూయెజ్ కాలువకు, అక్కడి నుంచి పాలస్తీనాకు వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు కంచు విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ సైనికుడిదే.

1918లో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు వచ్చింది నిజాం డబ్బుతోనే. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. ఆ విమానాలు జర్మనీ పట్టణాల మీద బాంబులు వేశాయి. శిస్తు కట్టిన పాలమూరు రైతును ఎవరూ ఒక మాట అడగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మలయాలోని కోట భారు విమానాశ్రయానికి కాపలా కాసిందీ హైదరాబాద్ సంస్థాన దళమే. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు అక్కడి తీరంలోనే దిగాయి.

ఇవాళ శంషాబాద్ చుట్టుపక్కలే కొత్త సంతకాలు పడుతున్నాయి. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌తో కలిసి అదానీ సంస్థ 2018 డిసెంబరులో తెరిచిన కర్మాగారం హెర్మిస్ 900 డ్రోన్ల కోసం పుట్టింది. ఇక్కడి డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. మన పిల్లలకు ఈ ఉద్యోగాలు కావాలి, ఆ నైపుణ్యమూ కావాలి. అయితే ఇక్కడ తయారైన సరుకు ఏ యుద్ధభూమికి చేరుతోందో పార్లమెంటుకు తెలియాలి, ప్రజలకూ తెలియాలి.

మనుషుల విషయంలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ ఉండాలి. 1983 వలసల చట్టం కింద, పదో తరగతి పాసవని కార్మికులు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో రష్యా లేదు. పైగా సందర్శక వీసా మీద వెళ్లేవాడి చేతిలో ఉద్యోగ ఒప్పందమే ఉండదు. అది అక్కడికి చేరాక ఇస్తారు, రష్యన్ భాషలో.

యుద్ధం నడుస్తున్న ప్రతి దేశాన్నీ ఆ జాబితాలో చేర్చాలి. చదువుతో, వీసా రకంతో పని లేకుండా, అక్కడికి పనికి వెళ్లే ప్రతి ఒక్కరి ఒప్పందమూ ముందే తెలుగులోనో ఉర్దూలోనో చేతికి రావాలి. ఇంట్లో అట్టపెట్టెకు తాడు బిగించే రాత్రికే ఆ కాగితం తల్లిదండ్రుల ముందు ఉండాలి.